తుపాకి కంటే ముందు తూటా

(రొళ్లలో ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడి స్మారకోపన్యాసంగా చదివిన పాఠం)

  

ఈ ఏడాది చిన్న తుపాకుల తూటాల గురించి మాట్లాడతానని చెబితే నిర్వాహకులు ఫోన్లో కాసేపు ఏమీ అనలేదు. ఫిజిక్సు మాస్టారి పేరు మీద జరిగే సభలో తుపాకులేమిటన్నది వాళ్ల సందేహం. న్యాయమైన సందేహమే. నాకు రెండు కారణాలున్నాయి. మాస్టారు తొమ్మిదో తరగతికి చెప్పిన ద్రవ్యవేగం, గతిజశక్తి పాఠాలు ఎక్కడైనా అచ్చంగా పనికొచ్చాయంటే ఈ విషయంలోనే. రెండోది, మందుగుండు కర్మాగారాల మాట ఇప్పుడు మడకశిర దాకా వచ్చింది. మన పక్కన ఏం తయారుకాబోతోందో దాని లెక్క మనకు తెలిసి ఉండాలి.

ఈ జిల్లాలో నాయకుడి వెనక నిలబడిన గన్‌మన్‌ను చూడనివాళ్లు ఉండరు. సఫారీ దుస్తులు, భుజానికి పొట్టి కార్బైన్, దాని ఎడమ పక్కకు పొడుచుకొచ్చిన మేగజైన్. అది స్టెర్లింగ్ కార్బైన్. బ్రిటిష్ వాళ్ల నమూనా, మన కాన్పూర్ చిన్న ఆయుధాల కర్మాగారంలో తయారైంది. అందులో పడే తూటా 9 మిల్లీమీటర్లది. దాన్ని జర్మనీలో గియోర్గ్ లూగర్ రూపొందించింది 1902 ప్రాంతంలో. అంటే పెళ్లి పందిట్లో, ఎన్నికల సభలో మనం చూసే ఆ ఆయుధానికి గుండెకాయ లాంటి వస్తువు నూట ఇరవై ఏళ్ల నాటిది. 2005 జనవరి 24న పెనుకొండ శాసనసభ్యుడు పరిటాల రవీంద్ర అనంతపురంలో హత్యకు గురైన నాడు, భద్రత అనేదానికి ఎన్ని హద్దులున్నాయో అప్పటి ఉమ్మడి జిల్లా చూసింది. 1984 అక్టోబర్ 31న ఇందిరాగాంధీ మీద ఖాళీ అయిన స్టెన్ గన్ కూడా కాపలాదారు చేతిలోదే, అదీ 9 మిల్లీమీటర్లదే. ఆయుధం ఎవరి చేతిలో ఉందన్నది తూటా చేతిలో లేని విషయం. దాన్ని అక్కడితో వదిలేసి తూటా దగ్గరికి వస్తాను.

సైన్యంలో అందరూ ముందు వరసలో పోరాడరు. లారీ నడిపేవాడు, వైర్లెస్ సెట్టు మోసేవాడు, ఫిరంగి దగ్గర గుండ్లు అందించేవాడు, వంట చేసేవాడు, ట్యాంకులో ఇరుక్కుని కూర్చునేవాడు, హెలికాప్టర్ పైలట్ ఉంటారు. వీళ్ల అసలు పని వేరు. కానీ శత్రువు వెనక నుంచి వచ్చి పడితే ప్రాణం కాపాడుకోవాలి. వీళ్లకు నాలుగు కిలోల పొడుగు రైఫిల్ ఇస్తే దాన్ని ఏ మూలో ఆనించి తమ పని చూసుకుంటారు. అవసరమైన నాడు అది చేతికి అందదు. పిస్తోలు ఇస్తే ఎప్పుడూ నడుముకే ఉంటుంది కానీ, దాంతో ముప్పై గజాల అవతల గురి తగలడం గొప్ప నిపుణుడికే కష్టం. ఈ రెంటికీ మధ్య ఏదో ఒకటి కావాలన్న ఆలోచనతోనే రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా ఎం1 కార్బైన్ తెచ్చింది. అరవై లక్షలకు పైగా తయారయ్యాయి. అప్పుడు కూడా కొత్త తుపాకితో పాటు దానికోసం ఒక కొత్త తూటా పుట్టింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనితో మళ్లీ పని పడుతుంది.

పర్సనల్ డిఫెన్స్ వెపన్, పొట్టిగా పీడీడబ్ల్యూ అన్న పేరు తర్వాత వచ్చింది. దానికి అసలు కారణం కవచం. 1965లో డ్యూపాంట్ కంపెనీలో స్టెఫనీ క్వోలెక్ అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టిన దారం కెవ్లార్ అయింది. ఆ దారంతో నేసిన పొరలు పొరల చొక్కా తొడుక్కుంటే 9 మిల్లీమీటర్ల సీసపు గుండు దాన్ని తాకి చపాతీ అయిపోతుంది. మనిషికి కమిలిన గాయం తగులుతుంది, కానీ బతుకుతాడు. సోవియట్ సైనికులు అలాంటి చొక్కాలకు పల్చని లోహపు రేకులు కూడా చేర్చడం మొదలుపెట్టాక నాటో దేశాలకు దిగులు పట్టుకుంది. వెనక వరసలోని తమ సైనికుల దగ్గరున్న సబ్‌మెషీన్ గన్లన్నీ ఒక్కసారిగా పాతబడిపోయాయి. 1989లో కొత్త ఆయుధానికి, కొత్త తూటాకు కావలసిన లక్షణాలు రాసి పెట్టారు. పరీక్షకు ఒక లక్ష్యాన్ని కూడా ఖాయం చేశారు: 1.6 మిల్లీమీటర్ల టైటానియం రేకు, దాని వెనక 20 పొరల కెవ్లార్. దాన్ని చీల్చుకు పోగలిగిందే లెక్కలోకి వస్తుంది.

ఇప్పుడు మాస్టారి పాఠం. పిల్లలు కాగితం తీసుకోవచ్చు.

9 మిల్లీమీటర్ల గుండు బరువు సుమారు 8 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 360 మీటర్లు. ద్రవ్యరాశిని కిలోల్లోకి మార్చి, అందులో సగాన్ని వేగం వర్గంతో గుణించండి. 518 జౌళ్లు వస్తాయి. బెల్జియం వాళ్ల ఎఫ్ఎన్ కంపెనీ ఆ నాటో కోరిక మీద తయారుచేసిన 5.7×28 తూటాలో గుండు 2 గ్రాములే, వేగం మాత్రం 715 మీటర్లు. మళ్లీ గుణించండి. 511 జౌళ్లు. రెండూ ఒకటే! నాలుగో వంతు బరువున్న గుండు, వేగం రెట్టింపు కావడంతో అదే శక్తిని మోసుకుపోతోంది.

శక్తి ఒకటే అయినప్పుడు ఇంత తిప్పలెందుకని వెనక నుంచి ఎవరో ఒకరు అడగాలి. మాస్టారైతే అడిగేదాకా ఊరుకునేవారు. రెండు లాభాలున్నాయి. ద్రవ్యవేగం లెక్కగట్టండి, అంటే బరువును వేగంతో ఒక్కసారే గుణించండి. 9 మిల్లీమీటర్లకు 2.88, 5.7కు 1.43. కాల్చినప్పుడు భుజానికి తగిలే దెబ్బ ఈ ద్రవ్యవేగాన్ని బట్టే ఉంటుంది. పొడి మండగా వచ్చే వాయువుల వాటా కొంత కలిసినా, కొత్త తూటా దెబ్బ దాదాపు సగమే. వరసగా కాలుస్తున్నప్పుడు తుపాకి మూతి అంతగా పైకి లేవదు. తుపాకి పట్టడం అసలు పని కాని వంటవాడికి, డ్రైవరుకు ఇంతకంటే కావలసిందేముంది?

రెండో లాభం గుండు మూతి వైశాల్యంలో ఉంది. 9 మిల్లీమీటర్ల వృత్తం వైశాల్యం దాదాపు 64 చదరపు మిల్లీమీటర్లు, 5.7ది 25న్నర. అదే శక్తి రెండున్నర రెట్లు తక్కువ చోట దిగుతుంది. హిందూపురం చింతపండు మండీలో బస్తాలు కుట్టేవాళ్లను చూసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు: దబ్బనం దిగిన గోనెలో బొటనవేలు దిగదు. పైగా ఆ గుండు ముందు భాగంలో ఉక్కు మొన, వెనక అల్యూమినియం. చపాతీ అయ్యే సీసం లేదు.

ఇంకో లాభం కూడా ఉంది గానీ దాన్ని త్వరగా చెప్పి ముందుకు పోతాను. తూటా బరువు సగమైంది కాబట్టి అంతే బరువుకు రెట్టింపు తూటాలు మోయొచ్చు. ఎఫ్ఎన్ వాళ్ల పీ90 తుపాకిలో మేగజైన్ పైన పొడవునా పడుకుని ఉంటుంది, అందులో 50 తూటాలు. తుపాకి మొత్తం పొడవు అర మీటరు. ఢిల్లీలో ప్రధానమంత్రి చుట్టూ ఉండే ఎస్పీజీ వాళ్ల చేతుల్లో టీవీలో కనిపించే విచిత్రమైన ఆకారపు పొట్టి తుపాకుల్లో అదొకటి.

లాభాలు ఇన్ని చెప్పాక నష్టం చెప్పకపోతే అది కంపెనీ కరపత్రం అవుతుంది. చిన్న గుండు కవచాన్ని చీల్చుతుంది సరే, కవచం లేని మనిషిని ఆపుతుందా? ఈ ప్రశ్న 1990లది అనుకుంటే పొరపాటు. దీని పుట్టుక మన దేశంలోనే. 1890లలో బ్రిటిష్ ఇండియా సైన్యం పాత లావు గుండ్లు వదిలి .303 అనే సన్న గుండుకు మారింది. వాయవ్య సరిహద్దులో అది తగిలినా పఠాన్లు ఆగకుండా మీదికొస్తున్నారని సైనికులు గోల పెట్టారు. కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఆయుధశాలలో దానికి విరుగుడు కనిపెట్టారు. గుండు మొన దగ్గర పైతొడుగు తీసేస్తే అది శరీరంలో పువ్వులా విచ్చుకుని ఘోరమైన గాయం చేస్తుంది. ప్రపంచం అసహ్యించుకుంది. 1899లో హేగ్ సమావేశం అలాంటి గుండ్లను యుద్ధంలో నిషేధించింది. మన దేశపు ఒక చిన్న ఊరి పేరు ప్రపంచ భాషలన్నిటిలోకీ పాకింది, పాకినందుకు గర్వపడే పేరు మాత్రం కాదు. సన్న గుండు చాలదన్న వాదన అప్పటి నుంచీ ఆగలేదు, ఇక ముందూ ఆగదు. భౌతికశాస్త్రం ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో తీసుకుంటుంది.

కవచం చీల్చే తూటా పోలీసు కవచాన్నీ చీల్చుతుంది. అందుకే 5.7లో ఆ రకం గుండును సైన్యానికి, పోలీసులకు తప్ప అమ్మరు. కానీ అదే కొలతలో మామూలు గుండ్లు, పిస్తోలు అమెరికా అంగళ్లలో దొరుకుతాయి. 2009 నవంబర్‌లో టెక్సస్‌లోని ఫోర్ట్‌హుడ్ సైనిక స్థావరంలో 13 మందిని చంపినవాడి చేతిలో ఉన్నది ఆ పిస్తోలే. మన దేశంలో 9 మిల్లీమీటర్ల తూటా కూడా పౌరులకు నిషిద్ధం. ఈ సీమలో లైసెన్సు ఉన్న పెద్దమనుషుల నడుముకు .32 రివాల్వర్లు ఎందుకు ఉంటాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఈ విషయంలో మన చట్టమే మేలని నా అభిప్రాయం.

నాటోలో ఏమైందో చెప్పాలి. బెల్జియం 5.7 తెస్తే, జర్మనీ హెక్లర్ అండ్ కాఖ్ కంపెనీ 4.6×30 తెచ్చింది, దానికి ఎంపీ7 అనే తుపాకి. గుండు బరువు, వేగం దాదాపు అంతే. 2002-03లో పక్కపక్కన పెట్టి పరీక్షించారు. 5.7 కాస్త మెరుగన్న అభిప్రాయం వచ్చింది, జర్మన్లు ఒప్పుకోలేదు. వ్యవహారం అక్కడే కూలబడింది. చివరికి రెంటినీ ప్రామాణికంగా గుర్తించి చేతులు దులుపుకున్నారు. అందరికీ ఒకే తూటా ఉండాలని మొదలెట్టి, ముప్పై ఏళ్ల తర్వాత పాత 9 మిల్లీమీటర్లను పోనివ్వకుండా, దాని పక్కన రెండు కొత్తవి చేర్చుకున్నారన్నమాట. పాత 9 మిల్లీమీటర్ల తూటా ప్రపంచంలో ఎక్కడైనా దొరుకుతుంది, చవక. కొత్త తుపాకి ఒక ఏడాదిలో తయారవుతుంది. కొత్త తూటా దేశాల గోదాములన్నిటిలోకీ చేరడానికి ఒక తరం పడుతుంది.

మనవాళ్ల కథ ఇంకా ఆసక్తికరం. పుణెలోని డీఆర్‌డీవో వారి ఆయుధ పరిశోధన సంస్థ, ఏఆర్‌డీఈ, స్టెర్లింగ్ కార్బైన్‌కు బదులు కొత్తది చేయబూనింది. వాళ్లు బెల్జియం తూటా కొనలేదు, జర్మనీదీ కొనలేదు. మన ఇన్సాస్ రైఫిల్‌లో వాడే 5.56 కొలతనే ఉంచి, 45 మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టాన్ని 30కి కుదించారు. 5.56×30. నాకు ఇది చాలా తెలివైన పని అనిపిస్తుంది. గుండు వ్యాసం అదే కాబట్టి బ్యారెల్ లోపల గాడి చెక్కే పనిలో మనవాళ్లకున్న అనుభవం వృథా కాదు. గొట్టం పొట్టిది కాబట్టి పిడిలోనే మేగజైన్ పట్టించేంత చిన్న ఆయుధం వచ్చింది. జాయింట్ వెంచర్ ప్రొటెక్టివ్ కార్బైన్, జేవీపీసీ అని పేరు. బరువు సుమారు 3 కిలోలు, వంద మీటర్లు దాటి పనిచేస్తుంది. 2020 డిసెంబర్‌లో సైన్యం తుది పరీక్షలు కూడా నెగ్గిందని డీఆర్‌డీవో ప్రకటించింది. తుపాకి కాన్పూర్‌లో, తూటా పుణె దగ్గర ఖడ్కీలో. కేంద్ర పోలీసు బలగాలకు కొన్ని చేరాయి.

తర్వాత సంవత్సరం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు కంపెనీలుగా విడగొట్టారు. కాన్పూర్ ఒక కంపెనీ కిందికి, ఖడ్కీ ఇంకో కంపెనీ కిందికి పోయాయి. భార్యాభర్తలను వేరు కాపురం పెట్టించినట్టయిందని ఒక పెద్దాయన నాతో అన్నారు. నాకు ఆ పోలిక పూర్తిగా ఒప్పుదల కాదు, కానీ మరచిపోలేదు.

అదే సమయంలో మన హైదరాబాద్ నుంచి వేరే దారి కనిపించింది. 2021 జనవరిలో డీఆర్‌డీవో, మహూ పదాతిదళ పాఠశాల కలిసి అస్మి అనే మెషీన్ పిస్తోలును చూపించాయి. లెఫ్టినెంట్ కల్నల్ ప్రసాద్ బన్సోడ్ దాని రూపకర్త. నాలుగు నెలల్లో తయారైంది, రెండు కిలోల లోపు బరువు, కొన్ని భాగాలు త్రీడీ ప్రింటింగ్‌తో చేసినవి. దాన్ని తయారుచేసే పని బాలానగర్‌లోని లోకేష్ మెషీన్స్‌కు దక్కింది. లేత్‌లు, మిల్లింగ్ యంత్రాలు చేసి పేరు తెచ్చుకున్న తెలుగునాటి కంపెనీ. 2024లో సైన్యం ఉత్తర కమాండ్ 550 అస్మిలకు ఆర్డరిచ్చింది, విలువ నాలుగు కోట్ల పైచిలుకు. దాంట్లో పడే తూటా ఏదనుకున్నారు? పాత లూగర్ గారి 9 మిల్లీమీటర్లదే. కవచం ముందు దాని బలహీనత వాళ్లకు తెలియక కాదు. ప్రతి డిపోలో ఉన్న తూటా, ప్రతి జవానుకు అలవాటైన తూటా. ఆ ఒక్క కారణంతో నాలుగు నెలల పిస్తోలు నాలుగేళ్ల లోపే సరిహద్దుకు చేరింది. అంతకన్నా గట్టి బుర్రతో చేసిన జేవీపీసీ సైన్యం గుమ్మం బయటే నిలబడింది.

గుమ్మం తలుపు 2025 చివర్లో మూసుకుంది కూడా. ఆ డిసెంబర్‌లో రక్షణశాఖ 4 లక్షల 25 వేలకు పైగా కొత్త కార్బైన్లకు ఒప్పందాలు చేసుకుంది, విలువ రూ.2,770 కోట్లు. భారత్ ఫోర్జ్, పీఎల్ఆర్ సిస్టమ్స్ అనే రెండు ప్రైవేటు కంపెనీలకు దక్కాయి. అవి పొట్టి తుపాకులే, కానీ తూటా పొట్టిది కాదు. రైఫిల్‌లో పడే మామూలు 5.56×45. పొట్టి బ్యారెల్‌లోంచి కాలిస్తే ఆ తూటాలోని పొడి పూర్తిగా అక్కరకు రాదు, వేగం తగ్గుతుంది, మూతి దగ్గర మంట, చప్పుడు ఎక్కువ. ఇది తెలిసే ఒప్పుకున్నారు. ఎందుకంటే మన సైన్యం ఇప్పటికే ఇన్సాస్‌కు ఒక తూటా, అమేఠీ దగ్గర తయారయ్యే ఏకే-203కు 7.62×39, అమెరికా నుంచి తెచ్చిన సిగ్ రైఫిళ్లకు 7.62×51, పిస్తోళ్లకు 9 మిల్లీమీటర్లు మోస్తోంది. సియాచిన్ దాకా కంచర గాడిదల మీద, హెలికాప్టర్లలో ఈ నాలుగూ కలగాపులగం కాకుండా చేర్చాలి. అయిదోది అడిగినవాడి మొహం చూసి సప్లై అధికారి ఏమంటాడో మీరే ఊహించుకోండి. 5.56×30 భౌతికశాస్త్రంలో నెగ్గి గోదాములో ఓడింది. ఆ నిర్ణయం సరైనదేనని నేనంటాను, ఏఆర్‌డీఈ వాళ్ల శ్రమ తలచుకుంటే బాధగా ఉన్నా సరే.

పత్రికల్లో తుపాకి బొమ్మ వేస్తారు, తూటా బొమ్మ ఎవరూ వేయరు. తుపాకి ఒకసారి కొంటే ముప్పై ఏళ్లుంటుంది. తూటా కాల్చగానే అయిపోతుంది, మళ్లీ చేయాలి. ఇత్తడి గొట్టం, గుండు, పొడి, అడుగున సూది తగలగానే నిప్పు పుట్టించే ప్రైమర్, ఈ నాలుగూ లక్షల సంఖ్యలో ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా రావాలి. ఇందులో ఇత్తడి పని, గుండు పని మనకు భయం లేని పనులు. ధర్మవరంలో మగ్గం మీద పోగు లెక్క తప్పకుండా నేసే చేతులున్న సీమ ఇది, కొలత పట్టడం మనవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. పొడి, ప్రైమర్ మాత్రం రసాయనాలు. అక్కడ ఒక్క పొరపాటును కూడా అవి క్షమించవు.

ఈ మాట ఇక్కడ, రొళ్లలో చెప్పడానికి కారణం ఉంది. రాష్ట్ర ప్రభుత్వం 2025లో తెచ్చిన ఏరోస్పేస్, రక్షణ విధానంలో లేపాక్షి–మడకశిరను ఒక ప్రత్యేక ప్రాంతంగా చేర్చింది. ఫిరంగి గుండ్ల తయారీకి హెచ్ఎఫ్‌సీఎల్ కంపెనీకి మడకశిర దగ్గర వెయ్యి ఎకరాలు ఇవ్వాలని నిర్ణయించింది. అవి నేను ఇందాకటి నుంచి చెప్పిన వేలెడు తూటాలు కావు, మోకాలెత్తు గుండ్లు. కానీ సూత్రం ఒకటే, ప్రమాదమూ ఒకటే, పరిమాణం మాత్రం వేల రెట్లు. మన దగ్గరికి వచ్చేది ఫొటోలకు పనికొచ్చే తుపాకి కాదు, పేలుడు పదార్థం నింపే పని.

నేను దీనికి వ్యతిరేకిని కాను. వేరుశనగ వానల మీద, వక్క బోరుబావుల మీద, పట్టుగూళ్లు బజారు ధర మీద ఆధారపడిన మడకశిర, అగళి, అమరాపురం, గుడిబండ, రొళ్ల మండలాల పిల్లలు బెంగళూరు హోటళ్లకు, గార్మెంటు ఫ్యాక్టరీలకు పోవడం నేను చూస్తూనే ఉన్నాను. పాలసముద్రంలో భారత్ ఎలక్ట్రానిక్స్ (బీఈఎల్) కోసం భూములిచ్చి ఏళ్లు గడిచాయి, ఆ ఆలస్యం కూడా చూశాం. వచ్చేది వస్తే మంచిదే. కానీ 2025 జనవరి 24న మహారాష్ట్ర భండారా ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో పేలుడుకు ఎనిమిది మంది పోయారు. అది అనుభవం లేని చోటు కాదు, దశాబ్దాల ప్రభుత్వ కర్మాగారం. అదే ఏడు ఏప్రిల్‌లో యాదాద్రి జిల్లాలో ఒక పేలుడు పదార్థాల కర్మాగారంలో మన తెలుగు కార్మికులే చనిపోయారు. ఈ సీమకు మందుగుండు కొత్త కాదని వేళాకోళంగా అనేవాళ్లున్నారు. నాటుబాంబులు చుట్టి చేతులు పోగొట్టుకున్నవాళ్లను ఎరిగినవాళ్లు ఆ వేళాకోళం చేయరు.

కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టిన రోజు షామియానా కింద భోజనాలు చూసి తిరిగి రావద్దు. వెళ్లి కూర్చోండి. ఏ పదార్థం నింపుతారు, ఒకేసారి ఎన్ని టన్నులు నిల్వ ఉంచుతారు, ఆ గోదాముకూ మొదటి ఇంటికీ మధ్య ఎన్ని మీటర్లు వదులుతారు, కడిగిన నీళ్లు ఏ చెరువులోకి పోతాయి, మంటలార్పే బండి మడకశిర నుంచి వస్తుందా, హిందూపురం నుంచి రావాలా అని అడగండి. పర్మనెంటు ఉద్యోగాలెన్ని, కాంట్రాక్టువెన్ని, నింపే షెడ్డులో నిలబడేవాళ్లు ఏ రకం అని కూడా అడగండి. సమాధానం కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకోండి. తెలుగులోనే కాక కన్నడంలోనూ ఇవ్వమనండి, ఇక్కడ చాలామంది చదివేది ఆ లిపే. ఇక ఈ ఊరి పిల్లలకు ఒక మాట: ఐటీఐకో పాలిటెక్నిక్‌కో వెళ్లేవాళ్లు కొలతల శాస్త్రం, రసాయనశాస్త్రం వదలకండి. నింపే షెడ్డులో కూలీగా నిలబడే ఉద్యోగానికీ, ఆ షెడ్డు సురక్షితమని సంతకం పెట్టే ఉద్యోగానికీ మధ్య తేడా ఆ రెండు సబ్జెక్టులే.